పాలత్త, ఎనిమిది వందల మీటర్లు

మొన్న ఒక అమ్మాయి వచ్చి నా కుట్టు మిషన్ మీద ట్రాక్ ప్యాంటు పడేసింది. నడుము బిగించాలి, జేబు లోతు పెంచాలి, ఆ జేబులో ఇంకో జేబు పెట్టాలి. జేబులో జేబు ఎందుకమ్మా అని అడిగితే "ఒకదాంట్ల ఫోను, ఒకదాంట్ల విజిల్ ఆంటీ" అన్నది. సైదాబాద్ పిల్ల. మా గౌలిపురలో మేనత్త ఇంటికి వచ్చి, పనిలో పనిగా నా దగ్గరికి వచ్చింది. రన్నింగ్ గ్రూపులో చేరిందట. అందరూ ఆడవాళ్లేనట. ఒక్కతే పరుగెత్తితే భయం, ముప్పై మంది కలిస్తే ధైర్యమట. ఎవరు ఎక్కడున్నారో ఫోన్లో చుక్కలు చుక్కలుగా కనబడుతుందట. ఎవరి చుక్కయినా ఆగిపోతే మిగతా చుక్కలన్నీ అటు పరుగెడతాయట.

నాకేమీ తెలియదనుకుని పావుగంట ఓపిగ్గా చెప్పింది. నేనూ టేపు మెడలో వేసుకుని ఏమీ తెలియనిదానిలాగే విన్నాను. మనిషి అంత సంతోషంగా చెబుతుంటే మధ్యలో దూరి "మాకూ ఉండేది" అనడం మర్యాద కాదు.

మాకూ ఉండేది. చుక్కలు లేవు. ఫోన్లు ఇంట్లో ఛార్జింగుకు పెట్టి వచ్చేవాళ్లం. ఫోనుకూ విజిల్‌కూ చుక్కలకూ అన్నింటికీ కలిపి మాకు పాలత్త ఉండేది. పోయిన బోనాలు అయిన వారానికి ఆమె కాలం చేసింది. కొడుకులు గల్లీ మొదట్లో ఫ్లెక్సీ కట్టించి ఆమె అసలు పేరు రాయిస్తే, బస్తీలో సగం మంది ఆగి చదివి "ఈమె ఎవరబ్బా?" అనుకుంటూ పోయారు.

పేర్ల విషయంలో ఆమె కూడా మాకు అంతే మర్యాద ఇచ్చింది. మనుషులకు పేర్లుంటాయని ఆమెకు నమ్మకం లేదు. ఇంటికి ఎన్ని పాలు పోస్తే అదే పేరు. నేను ఒంటరి మనిషిని, చాయ్‌కి సరిపడా పోయించుకునేదాన్ని కాబట్టి నా పేరు పావు. అఫ్జల్‌గంజ్‌లో బెల్లం హోల్‌సేల్ దుకాణం ఉన్న సేటు భార్య, మేమంతా సేటమ్మ అనే ఆవిడ, రెండు లీటర్లు. బస్తీ కమిటీ ప్రెసిడెంటు ఇల్లు మూడు లీటర్లు. ఆయన ఎన్ని శాలువాలు కప్పించుకున్నా, ఆమె దృష్టిలో మూడు లీటర్లకు మించి ఎదగలేదు. ఎవరైనా చనిపోతే కూడా "పాపం, లీటరున్నర పోయిండే" అని కళ్లు ఒత్తుకునేది.

పాలలో నీళ్లు కలుపుతుందని బస్తీకంతా తెలుసు. ఒకసారి మొహం మీదే అడిగాను.

"కలుపుత," అన్నది, రెప్ప కూడా కొట్టకుండా. "మంజీర నీళ్లు కలుపుత. మీ ఇంటి ముందటి నల్లా నీళ్లే. ప్యాకెట్ల వాడు ఏం కలుపుతడో వానికన్న ఎర్కనా?"

నేను ఆరో తరగతిలో లెక్కల సారుతో పొసగక బడి మానేసిన దాన్ని. అయినా ఈ లెక్కకు జవాబు సారు దగ్గర కూడా ఉండదని నాకు అప్పుడే అర్థమైంది.

ఇరవై ఎనిమిదేళ్లు ఆమె తెల్లవారకముందే, చీకటి గల్లీల్లో ఒక్కతే తిరిగింది. అంత పొద్దున ఒంటరి ఆడది ఎటు పోతోందని ఒక్కరూ అడగలేదు. అడిగితే పాలు ఆలస్యమవుతాయి. తర్వాత కొడుకులు బర్రెలను అమ్మేశారు. కొట్టం కాస్తా మొబైల్ రిపేరు దుకాణమైంది. బర్రెలు పోయినా ఆమెకు నాలుగింటికి మెలకువ రావడం మాత్రం పోలేదు. పడుకుంటే ఒళ్లు నొప్పులు. సరే, లేచి నాలుగు అడుగులు నడుద్దామని ఒట్టి చేతులతో బయటికి వచ్చింది.

ఇక చూడండి. చాయ్ హోటల్ ముందు ఒకాయన "ఏడికత్తా?" మలుపు దగ్గర ఇంకొకాయన "పొద్దుగాల పొద్దుగాల ఏడికి?" ఇంటి మేడ మీద పళ్లు తోముకుంటున్న పెద్దమనిషి నోట్లో నురగతోనే "ఎటు వోతున్నవ్?" ఆమె ఇల్లు చేరేలోపు వార్త కొడుకుకు చేరింది. "ఏం పనిలేకుండ గట్ల తిరిగితే మంది ఏమనుకుంటరమ్మా?" అన్నాడు.

మర్నాడు అటక మీది పాలడబ్బా దించి, చేతిలో పట్టుకుని బయల్దేరింది. ఒక్కరు అడిగితే ఒట్టు. ఖాళీ డబ్బా ఊగితే చప్పుడు వేరేగా వస్తుందని అందులో చెంబెడు నీళ్లు కూడా పోసుకునేది.

"నీళ్లెందుకత్తా?" అని నేను నవ్వితే,

"ఎన్నడన్న నీళ్లు లేకుండ డబ్బా మోసిన్నానే?" అన్నది. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "చేతుల డబ్బా ఉంటే ఆడది పని మీద పోతున్నట్టు పావూ. లేకుంటే తిరుగుతున్నట్టు. గంతే తేడా," అన్నది.

ఆ డబ్బా వెనకే మేం ఒక్కొక్కరం చేరాం. అసలు కారణం మాత్రం మమత.

మమత 'అర లీటరు' ఇంటి పిల్ల. తండ్రి సేటమ్మ వాళ్ల బెల్లం దుకాణంలో గుమాస్తా. తల్లి చిన్నప్పుడే పోయింది. అప్పటి నుంచి ఆ ఇంటికి తండ్రే తల్లి, తండ్రే తాళం. పిల్ల కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతోంది. రాత పరీక్ష కంటే ముందు పరుగు పరీక్ష. ఎనిమిది వందల మీటర్లు ఐదు నిమిషాల చిల్లరలో పరుగెత్తాలి. పిల్ల కాళ్లు బాగానే ఉన్నాయి. మా గల్లీలే బాగాలేవు. అంటే గుంతల గురించి కాదు నేను చెప్పేది. ఇద్దరు కుర్రాళ్లు రోజూ బైకు వేసుకుని ఆమె వెనకాలే, నడక వేగంతో, ఫోన్లో పాట పెట్టుకుని వచ్చేవాళ్లు. ముట్టుకోలేదు. మాట అనలేదు. "ఏమనలేదు గద" అని బస్తీ అంతా వాళ్ల పెద్దమనిషితనాన్ని మెచ్చుకుంది.

తండ్రి మొదట తానే రక్షణకు దిగాడు. పిల్ల ముందు పరుగు, వెనక ఆయన స్కూటరు, మధ్య మధ్యలో హారను. ఆ హారనుకు కుక్కలు లేచి స్కూటరు వెంట పడ్డాయి. స్కూటరు పిల్ల వెంట పడింది. ఆ మూడు రోజులూ మమత చాలా మంచి టైములో పరుగెత్తింది. కానీ ఐదున్నరకు దుకాణానికి బెల్లం లారీ వస్తుంది, గుమాస్తా లేకపోతే సేటు ఊరుకోడు. దాంతో చేతులెత్తేసి, "ఆడోళ్ల తోడుంటేనే పంపుత. లేకుంటే బంద్," అన్నాడు.

అలా కుదిరింది మా గుంపు. పాలత్తకు నిద్ర పట్టదు. నాకు షుగర్. సేటమ్మకు మోకాళ్లు, డాక్టరు రోజూ నడవమన్నాడు. సేటమ్మ ఇంట్లో నడక అంటే అత్తగారు ఒప్పుకోరు, అందుకని అమ్మవారికి నూటెనిమిది ప్రదక్షిణలు మొక్కుకున్నానని చెప్పింది. కోడలు రోజూ చెమటలు కక్కుతూ తిరిగొస్తుంటే ఆ భక్తికి అత్తగారు కరిగిపోయింది. కాకపోతే రోజూ ప్రసాదం అడిగేది. సేటమ్మ దారిలో కొబ్బరికాయ కొని, నా దుకాణం మెట్టు మీద కొట్టుకుని, ఒక చిప్ప పట్టుకుపోయేది. రెండో చిప్ప నాకు. ఆ నెల నేను చేసినన్ని కొబ్బరి పచ్చళ్లు జన్మలో చేయలేదు.

మొదటి రోజు అందరం వరసగా నిలబడ్డాం. మమత "రెడీ" అన్నది. తర్వాత మాకు మమత కనబడలేదు. నాలుగు అంగల్లో నాకు ఊపిరి నిండుకుంది. సేటమ్మ చెప్పు ఒకటి మురుగు మోరీలో పడింది, దాని కోసం ఆమె, ఆమె కోసం నేను ఆగాం. పాలత్త డబ్బా నుంచి నీళ్లు చిందుతుంటే చీర తడిసిపోయి తిడుతూ వస్తోంది. ఇంతలో వెనక నుంచి అడుగుల చప్పుడు. భయపడి తిరిగి చూస్తే మమతే. గల్లీ అంతా ఒక చుట్టు చుట్టేసి, మేం క్షేమంగా ఉన్నామో లేదో చూడటానికి వచ్చింది.

"అత్తా, పైలమేనా?" అని అడిగింది.

పిల్లకు తోడుగా పోయిన ముగ్గురు పెద్దవాళ్లం, పిల్ల తోడుతో ఇల్లు చేరాం.

ఆ రోజు పాలత్త నా దుకాణం స్టూలు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించింది. చివరికి తొడ చరుచుకుంది. "నేను పాలు పోసేటప్పుడు అన్ని డబ్బాలు మోసుకొని ఇల్లిల్లు తిరుగుతుంటినా? మూలకొక డబ్బా పెట్టి పోతుంటి. గట్లనే మనం. మీరు ఉరుకవద్దు. మూలకొకరు నిలవడుండ్రి. పిల్ల ఉరుకుతది."

తనను డబ్బాతో పోల్చినందుకు సేటమ్మకు కోపం వచ్చింది. కానీ మోకాళ్లకు ఆ పథకం బాగా నచ్చింది.

ఆ గల్లీల మ్యాపు ఆమె అరికాళ్లలో ఉండేది. ఏ ఇంట్లో ఎన్నింటికి లైటు వెలుగుతుంది, ఏ మలుపులో ఏ కుక్క, ఏ అరుగు మీద ఎవడు కూర్చుంటాడు, అన్నీ చూసి మమ్మల్ని నిలబెట్టింది. నేను ఒక మలుపులో టేపు పట్టుకుని, పొద్దున ఐదింటికి ఎవరివో జాకెట్టు కొలతలు తీసుకోబోతున్నట్టు నిలబడేదాన్ని. సేటమ్మ రెండో మలుపులో పూలబుట్టతో. మూడోచోట పాలత్త. మమత నా ముందు నుంచి పోగానే నేను "పాలో!" అని కేక వేయాలి. సేటమ్మ ముందు నుంచి పోగానే ఆమె "పాలో!" అనాలి. కేక రావలసిన టైముకు రాకపోతే తర్వాతి మనిషి అటు పరుగెత్తాలి. ఇంతకంటే ఆ సైదాబాద్ పిల్ల చుక్కలు ఏం చేస్తాయో నాకు అర్థం కాలేదు.

ఒక్క చిక్కు వచ్చింది. గల్లీలోకి కొత్తగా కిరాయికి దిగిన ఒకాయన కేక విని, గిన్నె పట్టుకుని బయటికి వచ్చాడు. పట్టుచీరలో, పూలబుట్టతో నిలబడ్డ సేటమ్మను చూసి "అర లీటరు పొయ్యమ్మా" అన్నాడు. హోల్‌సేల్ దుకాణం యజమానురాలు పూలబుట్టను కొంగుతో కప్పి, "అయిపోయినయి," అన్నది. మర్నాడు ఆయన ఇంకా ముందే లేచి వచ్చాడు.

ఇలా ఇరవై రోజులు నడిచింది. ఇరవై రోజులు ఏ మంచిపనైనా దాగవచ్చు కానీ, తర్వాత బస్తీ కమిటీకి తెలిసిపోతుంది. ప్రెసిడెంటు గారు మమ్మల్ని పిలిపించి, ఆడవాళ్లు ఇలా రోడ్డెక్కి తిప్పలు పడటం తనకు చాలా బాధగా ఉందన్నారు. మహిళల భద్రత కమిటీ బాధ్యత అన్నారు. మాకు మాట్లాడే అవకాశం ఇవ్వకపోవడం కూడా మా శ్రమ తగ్గించడానికేనన్నట్టు మాట్లాడారు. మర్నాటి నుంచి ఇద్దరు వాలంటీర్లు వస్తారని, మెడలో బ్యాడ్జీలు ఉంటాయని, వాళ్ల పెట్రోలు ఖర్చు కమిటీయే పెట్టుకుంటుందని చెప్పి పంపించారు.

మర్నాడు వాలంటీర్లు వచ్చారు. అదే బైకు. అదే ఇద్దరు. అదే నడక వేగం, అదే పాట. ఒకడు ప్రెసిడెంటు గారి చిన్నకొడుకే. ఇదివరకు చేసేదాన్ని వెంటపడటం అనేవాళ్లం, ఇప్పుడు డ్యూటీ అనాలి. బ్యాడ్జీ ఒక్కటే తేడా.

మమత నా మలుపు దాటింది. నా నోట కేక రాలేదు. ఆ బైకును చూస్తూ ఉండిపోయాను. కేక రాలేదని, సేటమ్మ మోకాళ్లు కదిలేలోపే పాలత్త డబ్బాతో సహా పరుగెత్తుకొచ్చి, బైకుకు అడ్డంగా నిలబడింది.

"నువ్వు మూడు లీటర్ల చిన్నోనివి గదరా?"

"అవునత్తా. డ్యూటీల ఉన్న."

"ఏం డ్యూటీ?"

"పిల్లకు రక్షణ."

"ఎవని నుంచి?"

వాడు నిజంగానే ఆలోచించాడు. "ఎవడన్న వస్తే," అన్నాడు.

"పొద్దుగాల ఐదింటికి ఈ గల్లీల మీరు తప్ప ఇంకెవడు వస్తున్నడురా?"

వెనక కూర్చున్నవాడు నవ్వాపుకోలేకపోయాడు. పాలత్తకు ఊపు వచ్చింది. "నువ్వు పుట్టినప్పటి సంది నా బర్రె పాలు తాగి పెరిగినవ్. ఇయ్యాల మీ ఇంటికి పాలు బంద్ అంటే మీ అమ్మ నీ వీపు విమానం మోత మోగిస్తది, ఎర్కనా?"

"అత్తా," అన్నాడు వాడు, చాలా మర్యాదగా. "మేం ఇప్పుడు ప్యాకెట్ పాలు తాగుతున్నం."

పాలత్త డబ్బాను రెండో చేతికి మార్చుకుంది. ఆమె పక్కకు జరిగింది. బైకు ముందుకు పోయింది. ఆమె డబ్బా పట్టుకుని ఇంటివైపు నడుస్తుంటే లోపల ఆ చెంబెడు నీళ్లు తొణుకుతున్న చప్పుడు గల్లీ చివరిదాకా వినబడింది.

సాయంత్రానికి సంగతి అఫ్జల్‌గంజ్ దాకా పోయి, పెద్దదై తిరిగొచ్చింది. రోడ్డు మీద లొల్లి అయిందని, అందులో గుమాస్తా బిడ్డ పేరు వచ్చిందని చెప్పారు. తండ్రి అన్నం కూడా తినకుండా తలుపు గొళ్లెం పెట్టాడు. "బంద్. పరీక్షా వద్దు, ఏం వద్దు. రేపు ఎవడన్న ఏమన్న చేస్తే ఆ కమిటోడు వస్తడా, నేను సావన్నా?" పరుగు పరీక్షకు ఇంకా పది రోజులు ఉంది.

మర్నాడు తండ్రి పనికి పోయాక మమత నా దుకాణంలో కూర్చుని గుండీలు కుడుతోంది. కుట్టడం రాదు. పనిలో ఉన్నట్టు కనబడాలి కదా. "అక్కా, కాళ్లున్నయి, దమ్మున్నది," అన్నది, తలెత్తకుండా. "ఉరుకుతందుకు గల్లీయే లేదు."

పాలత్త స్టూలు మీద ఉంది. నావైపు తిరిగి, "నా డబ్బాల పాలు లేవని వానికి ఎర్కైంది పావూ," అన్నది. డబ్బాను నా మిషన్ కింద పెట్టి లేచింది. "నడువు, పోదాం."

టీవీ సీరియళ్ల టైములో ఇల్లిల్లూ తిరిగాం. ఆ టైములో తలుపు తీసేవాళ్లు ఎంత ప్రేమగా తీస్తారో మీకు తెలుసు. పాలత్త జీవితంలో ఏ గుమ్మంలోనూ నిలబడి ఒక కోరిక కోరలేదు. ఇప్పుడు గుమ్మం గుమ్మంలోనూ ఒకటే మాట.

"లీటరున్నరా, నువ్వు ఆరింటికి వాకిలి ఊడుస్తవు గద. రేపటి సంది ఎనిమిది రోజులు ఐదింటికి ఊడువు."

"ఎందుకత్తా గంత పొద్దుగాల?"

"ఊడువు, నీళ్లు సల్లు, ముగ్గెయ్యి. నిమ్మళంగ ఎయ్యి. నీ వాకిట్ల నువ్వు నిలవడుతందుకు ఎవ్వని పర్మిషన్ కావాల్నే?"

ఒక ఇంట్లో భర్త బయటికి వచ్చి "మా ఇంట్ల పనామె ఊడుస్తది" అని తలుపేశాడు. ఒకావిడ, "ఇప్పుడు మేం నీ దగ్గర పాలు పోయించుకుంటలేం గద అత్తా?" అని అమాయకంగా అడిగింది. పాలత్త "అవును బిడ్డా" అని, కిందికి చూసి, మెట్టు దిగింది. ప్రెసిడెంటు గారింట్లో ఆయన లేని టైము చూసి మూడు లీటర్లామెను పెరటి గుమ్మం దగ్గర పట్టుకుంది. ఆమె మాత్రం ఏమీ అడగలేదు. "నా కొడుకు సంగతి నాకు ఎర్కనే అత్తా," అన్నది.

చివరి ఇల్లు మమతది. తండ్రి గొళ్లెం తీయలేదు. కిటికీలోంచే మాట్లాడాడు.

"అత్తా, నీ కాళ్లు మొక్కుత. పిల్లను గల్లీల తోలమని అడగకు. నాకున్నది ఒక్కతే."

"గల్లీల తోలకు," అన్నది పాలత్త. "ఎవడు తోలమన్నడు? మా వాకిళ్లలకు తోలు."

ఆయన చేతులు కిటికీ చువ్వలను వదిలాయి. తర్వాత గొళ్లెం చప్పుడైంది. తలుపు తీయలేదు, గొళ్లెం మాత్రం తీశాడు. ఆ పూటకు అంత చాలు.

తెల్లారి ఐదింటికి నేను నా మలుపులోకి పోయేసరికి గల్లీ పొడవునా గుమ్మాల ముందు లైట్లు వెలుగుతున్నాయి. ప్రతి వాకిట్లో ఒక ఆడది, ఒక చీపురు, ఒక బకెట్. ఇంత ఊడవడం మా గల్లీ బోనాలకు కూడా చూడలేదు. కొందరు ఊడ్చిందే ఊడుస్తున్నారు. ఒకామె ముగ్గు వేయడం, చెరపడం, మళ్లీ వేయడం. పని అనేది ఎంత సాగదీస్తే అంత సాగుతుందని ఇంటి ఆడవాళ్లకు వేరే చెప్పాలా? మమత వీధి దీపం కింద నుంచి బయల్దేరింది. ఆమె దాటిన ప్రతి వాకిట్లో చీపురు ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది. కేకలు అక్కర్లేదు. ఎవరి వాకిట్లోంచి చూసినా పిల్ల కనబడుతూనే ఉంది.

తర్వాత డ్యూటీ వచ్చింది, బైకు మీద. మొదటి గుమ్మంలో నీళ్లు చల్లుతున్నామె పొరపాటున కొంచెం ఎక్కువగా చల్లింది. రెండో గుమ్మంలో పొరపాటున బకెట్టే జారింది. మూడో గుమ్మంలో దుమ్ము చాలా ఉన్నట్టుంది, మొత్తం వాళ్ల మీదికే లేచింది. ఒక్క గల్లీలో ఏడు పొరపాట్లు జరిగాయి. ఏడోది మూడు లీటర్లామె చేసింది, రెండు చేతులతో. కొడుకు బైకు ఆపి "అమ్మా!" అంటే, "అరె, నువ్వారా? నాకేం ఎర్క బిడ్డా, ఎనక నుంచి ఎవడో పోరగాడు పిల్ల ఎంట పడుతున్నడనుకున్న," అన్నది.

మూడో రోజు నుంచి బైకు రాలేదు. మిగిలిన ఆరు రోజులు మాకు ఏ రక్షణా లేకపోవడం వల్ల చాలా నిశ్చింతగా గడిచింది.

పరుగులో మమత పాసైంది. రాత పరీక్ష ఇంకా ఉంది, ఉద్యోగం ఆ తర్వాతెప్పుడో వచ్చింది. కానీ శాలువాకు అంత ఓపిక ఉండదు. ఆ వారంలోనే చాయ్ హోటల్ ముందు షామియానా వేసి సన్మానం పెట్టారు. ఫ్లెక్సీ మీద ప్రెసిడెంటు గారు గుమ్మం అంత ఉన్నారు. పక్కన భద్రతా బృందం అని ఇద్దరు కుర్రాళ్లు కిటికీ అంత. మమత కింద మూలలో, తాళంచెవి పట్టే రంధ్రం అంత. ముందు వరస కుర్చీలు మగవాళ్లకు. వెనక మేం.

ప్రెసిడెంటు గారు అరగంట మాట్లాడారు. మమత ఎనిమిది వందల మీటర్లు ఐదు నిమిషాల్లో ముగించింది. దాని గురించి చెప్పడం మాత్రం ఆయనకు అరగంటలో కూడా ముగియలేదు. చివరికి చెయ్యెత్తి, "ఇగ మన బస్తీ ఆడబిడ్డలకు ఏ ఫికర్ లేదు! ఏ టైముకన్న బయటికి రావొచ్చు! వాళ్ల రక్షణ కోసం మేం ఏమన్న చేస్తం!" అన్నారు. చప్పట్లు. మహిళల్లో కూడా ఒకరు మాట్లాడితే ఫోటోకు బాగుంటుందని ఎవరో చెవిలో చెబితే, పాలత్తను పిలిచి మైకు ఇచ్చారు.

ఆమె మైకును నోటికి దూరంగా పట్టుకుంది. ఇరవై ఎనిమిదేళ్లు గల్లీలను లేపిన గొంతుకు మైకు అవసరమా?

"మంచిది సాబ్. ఏమన్న చేస్తమన్నరు. పెద్ద పనేం లేదు. రేపు పొద్దుగాల ఐదింటికెల్లి ఆరింటి దాక మేమంత ఉరుకుతం. గా ఒక్క గంట మీరంత తలుపులు పెట్టుకొని లోపట ఉండుండ్రి."

ముందు వరసలో కుర్చీలు కిర్రుమన్నాయి. వెనక వరసలో ముందు సేటమ్మ నవ్వింది, ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు.

"అంటే అత్తా..." ప్రెసిడెంటు గారు నవ్వే ప్రయత్నం చేశారు. "మాకు పనులుంటయి గద?"

"ఆరింటికి చేస్కోండ్రి."

"చాయ్‌కి పోవాల్నంటే?"

"ఒక్క గంట చాయ్ తాగకుంటే ఎవ్వలు సావరు సాబ్," అని మైకు ఆయన చేతిలో పెట్టి, మెల్లగా మెట్లు దిగింది.

మర్నాడు ఎవరు ఆ మాట నిలబెట్టుకున్నారంటే ఏం చెప్పను. ప్రెసిడెంటు గారు తన బాల్కనీలో నిలబడ్డారు. బాల్కనీ లోపలా, బయటా అన్న విషయం మీద మా గల్లీలో ఇప్పటికీ రెండు వర్గాలున్నాయి. వాలంటీర్లు ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు, నిద్రలో. చాయ్ హోటల్‌ వాళ్లు సగం షట్టరు దించి, కింది సగంలోంచి మా కాళ్లు చూశారు.

ఆడవాళ్లు మాత్రం వచ్చారు. ఎనిమిది రోజులు గుమ్మం దాటని వాళ్లు చీపుళ్లు గోడకు ఆనించి మెట్టు దిగారు. సేటమ్మ ముందు రోజు రాత్రి అత్తగారికి నిజం చెప్పేసిందట. పెద్దావిడ "మరి నేను తిన్నదంత ఎవరి ప్రసాదమే?" అని మాత్రం అడిగిందట. మమత ముందు, పాలత్త వెనక, మధ్యలో మేం. పరుగు అని నేను అంటున్నాను కానీ, చూసినవాళ్లు ఏమన్నారో రాయను. దమ్ము అందక ఒకరు ఆగితే పదిమందీ ఆగడం, ఒకరు నవ్వితే పదిమందీ గోడ పట్టుకోవడం. అయినా ఒక చుట్టు పూర్తయింది.

రెండో చుట్టులో మమత ఇంటి ముందుకు వచ్చాం. తలుపు మూసి ఉంది. గొళ్లెం లోపలి నుంచి పెట్టి ఉంది. బస్తీ మొత్తంలో పాలత్త చెప్పినట్టు విన్న మగవాడు ఆయన ఒక్కడే. చాయ్ గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది, ఆ వెంటనే తలుపు సందులోంచి గొంతు.

"అత్తా... ఐదున్నర కావస్తున్నది. దుకాణంల లారీ వచ్చే టైము. జర బయటికి రావొచ్చునా?"

పాలత్త ఆగలేదు. నడుముకు కొంగు బిగించుకుంటూ, ఎగశ్వాసలో, తలుపు వైపు ఒక మాట విసిరింది.

"ఇంకో చుట్టున్నది. కూసో."